ఇతరులు, అనగా ఎవరు?

లోకంలో కొందరు మనుషుల్ని నమ్మరు. కొందరు బ్యాంకుల్ని నమ్మరు. అనగా గారు మాటల్ని నమ్మేవారు కాదు. ఎంత చిన్న మాటైనా, ఎంత పెద్ద నోటి నుంచి వచ్చిన మాటైనా ఆయన చెవి గడప దగ్గర ఆగి, తనెవరో, ఎందుకొచ్చిందో, వెనకాల ఇంకెవర్నైనా దాచి తెచ్చిందేమో చెప్పుకోవాల్సిందే. ఆ విచారణంతా ఆయన ఒకే ఒక్క ముక్కలో కానిచ్చేవారు: "అనగా?"

అమ్మానాన్నా పెట్టిన పేరొకటి హాజరు పుస్తకంలో ఉండేది. ఆ పేరుతో పిలిస్తే, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని ఆయన కూడా పక్కకి తిరిగి చూసేవారు. ఒక కట్టడాల కంపెనీలో ముప్ఫై ఏళ్ళుగా కాంట్రాక్టు కాగితాలు చూసే ఉద్యోగం ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉండి, మెడ దగ్గర మాత్రం కుళాయిలా ముందుకి వంగి ఉండేవారు. అందులోంచి చుక్కచుక్కగా అనుమానం కారుతూ ఉండేది.

ఇంట్లోనూ అంతే. "కాస్త ఆగండి, వడ్డిస్తున్నా" అని భార్య అంటే, "కాస్త, అనగా?" అనేవారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ వివరించింది. తర్వాత విసుక్కుంది. ఆ తర్వాత అలవాటు పడిపోయి, "ఏడు నిమిషాల్లో వడ్డిస్తున్నా" అనడం మొదలెట్టింది. ఏడో నిమిషానికి కంచం రాకపోతే ఆయన పల్లెత్తు మాట అనేవారు కాదు. గడియారం వైపు చూసి చిన్నగా దగ్గేవారు. "ఆ దగ్గు కంటే నాలుగు తిట్లు తిట్టినా బావుండు" అనేదావిడ.

ఒకసారి కటింగ్ షాపులో కుర్రాడు, "పైన కొంచెం తగ్గించమంటారా?" అన్నాడు.

"కొంచెం, అనగా?"

అతను బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించాడు.

"ఇది తీసేసేదా, తీశాక మిగిలేదా?"

కత్తెర బల్ల మీద పెట్టేసి, బయటికెళ్ళి, కాసేపు గాలి పీల్చుకుని వచ్చాడు పాపం.

ఆఫీసులో ఆయన పక్క టేబులు కొలతలమ్మది. గోడ ఎంత పొడుగు, ఎన్ని ఇటుకలు, ఎంత సిమెంటు అని లెక్కగట్టే ఇంజనీరు కాబట్టి సైటులో అందరూ ఆమెని అలాగే పిలిచేవారు. చేరి మూడేళ్ళయింది. అనగా గారంటే ఆమెకి అభిమానమే. ఎండలో సైటు నుంచి తిరిగొస్తే మంచినీళ్ళ సీసా తన వైపు జరిపేది ఆయనొక్కరే. కానీ మనసులో ఓ మూల ముల్లులా ఒక అనుమానం: ఈయనకి అసలు పని వచ్చా?

ఆ అనుమానం ప్రతి సోమవారం మీటింగులో ఒక అంగుళం పెరిగేది. ఆ మీటింగు నడిపేది అల్లుడుగారు. యజమాని అల్లుడు, ఆఫీసుకి మేనేజరు. పొడుగాటి బల్ల చుట్టూ ఇంజనీర్లు, గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీల్లో పైపుల మేస్త్రి, రంగులు వేయించే రంగులక్క, పరంజాలు కట్టేవాడు, ఇనప పనివాడు, ఇలా చిన్న కాంట్రాక్టర్లు. బల్ల దగ్గరివాళ్ళు మాట్లాడేవారు. గోడ దగ్గరివాళ్ళు తలలూపేవారు.

"వానలు మొదలయ్యేలోపు ప్రాక్టికల్ కంప్లీషన్ ఇచ్చెయ్యాలి" అన్నారు ఓ సోమవారం అల్లుడుగారు.

"అనగా?"

"పని పూర్తవ్వాలండీ."

"పూర్తి, అనగా?"

"పూర్తి అంటే... జనం వచ్చి ఉండటానికి వీలయ్యేంత. చిన్నాచితకా మిగిలినా ఫర్వాలేదు."

"చిన్నాచితకా, అనగా? తలుపు గొళ్ళెం చిన్నా, చితకా?"

"గొళ్ళెం ఉండాలి! గొళ్ళెం లేకపోతే ఎలా ఉంటారు? రంగు మీద మరకలు, ఊడిన టైలు మూలలు, అలాంటివి మిగలొచ్చు."

"అయితే నేతిబీరకాయలో నెయ్యిలాంటి పూర్తి" అని అనగా గారు తన పుస్తకంలో రాసుకున్నారు.

అదే పూట ఇంకో మాట దొర్లింది. పైపుల పని అయ్యాక మేకింగ్ గుడ్ ఉంటుందన్నారు అల్లుడుగారు. అనగా గారు మెడ ఇంకాస్త చాచి, "మేకింగ్ గుడ్, అనగా? పని బావుందని మెచ్చుకోవడమా?" అన్నారు.

గది గొల్లుమంది. ఇంజనీర్లు బల్ల మీద తలలు పెట్టుకుని మరీ నవ్వారు. అల్లుడుగారు కళ్ళు తుడుచుకుని, "పైపుల కోసం గోడ ఎవడు పగలగొట్టాడో వాడే దాన్ని పూడ్చి, పూత పూసి, మునుపటిలా చెయ్యడమండీ మేకింగ్ గుడ్ అంటే! ముప్ఫై ఏళ్ళ సర్వీసు మీది!" అన్నారు.

అనగా గారు పుస్తకం తెరిచారు. రాసుకున్నారు. ఆయన తరఫున కొలతలమ్మే సిగ్గుతో తల దించుకుంది. ఈ మాట తను కాలేజీ వదిలిన మొదటి నెలలో నేర్చుకుంది మరి.

ఆ వేసవిలో అల్లుడుగారు ఆఫీసుకి ఏఐ తెప్పించారు. అది కాంట్రాక్టులు చదువుతుంది, రాస్తుంది, సారాంశం చెబుతుంది, మీటింగులో అన్న ప్రతి మాటా విని మినిట్స్ రాసి అందరికీ పంపుతుంది. బల్ల మధ్యలో, వింటున్నప్పుడు పచ్చగా వెలిగే అరచేతంత గుండ్రటి మైకు, గోడకి పెద్ద తెర. ఇన్ని లాభాల్లో అల్లుడుగారి దృష్టిలో అన్నిటికంటే పెద్ద లాభం వేరే ఉంది.

"ఇకనుంచి మీకే సందేహం వచ్చినా దీన్ని అడగండి. మీటింగులో మమ్మల్ని కాదు. ఇది కృత్రిమ మేధ."

"కృత్రిమ, అనగా?"

"మనిషి చేసింది."

"మేధ, అనగా?"

అల్లుడుగారు "దాన్నే అడగండి" అని వెళ్ళిపోయారు.

అనగా గారు మొదటి రోజంతా ఆ తెరతో మాట్లాడలేదు. దాని చుట్టూ తిరిగారు. వెనక్కి వెళ్ళి తీగలు ఎటు పోతున్నాయో చూశారు. కెమెరా ఉన్నచోట ఓ చీటీ అంటించారు. రెండో రోజు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏమండీ" అన్నారు. అది పెద్దదో చిన్నదో తెలియదు కాబట్టి మర్యాద తప్పకూడదని ఆయన ఉద్దేశం.

"ఏమండీ, రీజనబుల్ టైమ్ అనగా?"

"పరిస్థితులను బట్టి ఆ పనికి తగినంత సమయం" అంది యంత్రం.

"తగినంత, అనగా?"

"ఆ పరిస్థితుల్లో రీజనబుల్‌గా అనిపించేంత."

అనగా గారు కొలతలమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "చూశావా అమ్మాయ్, మేక మెడకి తాడు కట్టి, ఆ తాడు రెండో కొస తెచ్చి మళ్ళీ మేకకే కట్టింది."

"కానీ ఓపిగ్గా చెబుతోంది కదండీ. మీరు ఇందాకట్నుంచి నలభై ప్రశ్నలడిగారు. ఒక్కసారైనా విసుక్కుందా?"

"అదే నా అనుమానం. నలభైసార్లు అడిగినా విసుక్కోలేదంటే మనతో దానికేదో పనుండాలి."

మీటింగులు హాయిగా, చప్పుడు లేకుండా, గంటలో ముగిసేవి. అనగా గారు నోరు తెరవబోతే అల్లుడుగారు తెర వైపు వేలు చూపేవారు. గోడ వారగా కూర్చున్నవాళ్ళు మాత్రం మునుపటికంటే బిగుసుకుపోయి కూర్చుంటున్నట్టు కొలతలమ్మకి అనిపించింది. ఎందుకో అర్థం కాలేదు.

చిన్న కాంట్రాక్టర్ల పాత ఒప్పందాలు కూడా అల్లుడుగారు ఆ యంత్రంతోనే తిరగరాయించి, సంతకాలు పెట్టించి, వాళ్ళ కాపీలు వాళ్ళకిచ్చి, కంపెనీ కాపీలు తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ కాగితాలు అనగా గారి టేబులు మీదికి రాలేదు. వస్తే ఒక్కో ఒప్పందానికి ఏడాది పడుతుందని అల్లుడుగారి భయం.

కంపెనీ కడుతున్నది తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంటు. లిఫ్టు కోసం ప్రతి అంతస్తులో నలుచదరంగా గుంత వదిలారు. ఆ సోమవారం తెర మీద పనుల జాబితా వస్తోంది. పదకొండో వరుసలో ఇలా ఉంది: లిఫ్టు గుంతల చుట్టూ తాత్కాలిక రెయిలింగు, బై అదర్స్.

"ఇది మన పని కాదు, ఇతరులది. తర్వాతది చూద్దాం" అన్నారు అల్లుడుగారు.

"ఇతరులు, అనగా?"

అల్లుడుగారి వేలు తెర వైపు లేచింది. అనగా గారు ఆ వేలిని చూడలేదు. లేచి నిలబడ్డారు.

"అడిగానండీ దీన్ని. మన ఒప్పందంలో ఇతరులు అంటే మనం కానివాళ్ళంది. సరే, పరంజాలవాడేమో అనుకుందాం. అతని ఒప్పందం నాలుగో పేజీలో రెయిలింగు బై అదర్స్ అనే ఉంది. ఇనప పనివాడి దాంట్లో ఆరో పేజీ, బై అదర్స్. లిఫ్టు కంపెనీవాళ్ళ దాంట్లో రెండో పేజీలోనే, బై అదర్స్. అందరూ శాకాహారులే, మరి బుట్టలో రొయ్యలేమయ్యాయి?"

ఎవరూ నవ్వలేదు. అల్లుడుగారు మైకు వైపు వంగి, ఒప్పందాలన్నీ కలిపి చూసి ఆ రెయిలింగు ఎవరి పనో చెప్పమన్నారు. యంత్రం రెండు క్షణాలు తీసుకుంది. "అన్ని ఒప్పందాలూ పరిశీలించాను. ఈ పని ఎవరికీ అప్పగించబడలేదు" అంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?" అన్నారు అల్లుడుగారు.

"ఒక్కొక్క ఒప్పందం గురించి విడిగా అడిగారు. అన్నీ కలిపి ఇప్పుడే అడిగారు."

అందరూ సైటుకి పరిగెత్తారు. ఏడో అంతస్తులో లిఫ్టు గుంత మీద కప్పి ఉండాల్సిన చెక్కని ఎవరో కాంక్రీటు కలుపుకోవడానికి పక్కకి లాగేశారు. గుంత అంచుకి జానెడు దూరంలో సిమెంటు తట్ట, దాని పక్కన ఎవరివో ఒక జత చెప్పులు. ఆ చెప్పులు చూసి కొలతలమ్మ గుంతలోకి తొంగి చూసింది. మరుక్షణం మెట్ల మీంచి ఓ పనామె, "అవి నావే, కాలికి సిమెంటంటిందని కడుక్కోవడానికెళ్ళా" అంటూ వచ్చింది. అనగా గారు ఆ చెక్కని తనే ఈడ్చుకొచ్చి గుంత మీద కప్పారు.

ఆ సాయంత్రానికల్లా తొమ్మిది అంతస్తుల్లోనూ రెయిలింగులు లేచాయి.

ఇలాంటప్పుడు ఎవరైనా శాలువా కప్పుతారు. అల్లుడుగారికి మాత్రం అనుమానం వచ్చింది. కొలతలమ్మని గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మంచి పనే చేశాడు, కాదనను. కానీ ఒకటి చెప్పండమ్మా. ఆ ఒప్పందాలు నా బీరువాలో ఉన్నాయి. తాళంచెవి నా జేబులో ఉంది. నాలుగో పేజీ, ఆరో పేజీ అని ఆయన ఎలా చెప్పాడు? నిప్పు లేనిదే పొగ రాదు. శనివారం మధ్యాహ్నాలు సైటు వెనక టీ కొట్టులో ఆ చిన్న కాంట్రాక్టర్లతో కూర్చుంటున్నాడని విన్నాను. కాగితాలు చేతులు మారుతున్నాయట. మన గుట్టు వాళ్ళకి అమ్ముతున్నాడేమో! మీరు వెళ్ళి చూసి రండి. ఆయనకి మీ మీద అనుమానం రాదు."

"ఆయనకి అందరి మీదా వస్తుందండీ" అంది కొలతలమ్మ. అయినా ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే ఆ పేజీల సంగతి ఆమెనీ తొలుస్తోంది.

శనివారం ఆమె టీ కొట్టులో స్తంభం వెనక బెంచీ మీద కూర్చుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. అటు పక్క అనగా గారి చుట్టూ పైపుల మేస్త్రి, రంగులక్క, పరంజాలవాడు, ఇనప పనివాడు. తలలు దగ్గరగా పెట్టుకుని గుసగుసలు. ఇంతలో పైపుల మేస్త్రి చుట్టూ ఒకసారి చూసి, చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల కింద నుంచి అందించాడు. అనగా గారు దాన్ని చూడకుండానే జేబులో వేసుకున్నారు. వెంటనే రంగులక్క ఇంకోటి తీసింది.

కొలతలమ్మ ఇక ఆగలేకపోయింది. పేపరు పక్కన పడేసి వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది.

"ఏంటండీ ఆ కాగితాలు?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఒక్కసారే జేబులు పట్టుకున్నారు. అనగా గారు టీ గ్లాసు కింద పెట్టారు. "కాగితాలు, అన... అదే... ఏం లేదమ్మాయ్." మొట్టమొదటిసారి ఆ మాటని ఆయన సగంలోనే వదిలేశారు.

"దాచడమెందుకు సార్, అమ్మగారు మనమ్మాయే" అని పైపుల మేస్త్రి ఆయన జేబులోంచి తన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

వంకరటింకర అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి రాసున్నాయి: డీమ్డ్. సబ్‌స్టాన్షల్. బ్యాక్ టు బ్యాక్. దాని పక్కన బ్రాకెట్లో, 'వీపు వీపు ఆనించి కూర్చోవడమా?'

"ఇదేంటి?"

"మా కాగితాల్లో మాకు అర్థంకాని మాటలమ్మగారూ. మా కాపీలు తెచ్చి సార్‌కి చూపిస్తాం, అర్థంకానివి చీటీ రాసిస్తాం. సోమవారం మీటింగులో సార్ అవి అడుగుతారు. మేం అడిగితే 'ఇది కూడా తెలీదా, నీకు పనెలా ఇచ్చాం' అంటారు. సార్ అడిగితే సార్‌ని చూసి నవ్వుతారు. ఎవర్ని చూసి నవ్వినా, అర్థం మాత్రం మాకు దొరుకుతుంది."

రంగులక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అంది, "మేకింగ్ గుడ్ అని కాగితంలో చూసి, కంపెనీ తన పని మెచ్చుకుంటూ రాసిచ్చిందని ఈయన ఇంట్లో చెప్పుకున్నాడమ్మా. వాళ్ళావిడ ఆ పేజీకి అద్దం కట్టిద్దామంది!"

"నీకు మాత్రం తెలుసా ఏంటి?" అన్నాడు పైపుల మేస్త్రి, చెవులు ఎర్రబడగా.

కొలతలమ్మ నెమ్మదిగా బెంచీ మీద కూర్చుంది. గది గొల్లుమనడం, అనగా గారు ఏమీ అనకుండా రాసుకోవడం, తను తల దించుకోవడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళముందు తిరిగాయి. "అంటే మీకు... ఆ మాటలన్నీ తెలుసా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు" అన్నారు అనగా గారు, నేరం ఒప్పుకుంటున్నవాడిలా.

"మరి ఇక్కడే వీళ్ళకి చెప్పెయ్యొచ్చు కదండీ? మీటింగులో అంతమంది చేత నవ్వించుకోవడమెందుకు?"

"ఇక్కడా చెబుతాను. కానీ నేను చెబితే అది టీ కొట్టులో మాట. రేపు గొడవొస్తే ఎవడికి కావాలి? మీటింగులో మేనేజరు నోటితో చెబితే అది కంపెనీ మాట. మినిట్స్‌లోకి ఎక్కుతుంది. పూర్వం మినిట్స్ రాసే గుమాస్తా నా ప్రశ్నలు విసుగొచ్చి సగం వదిలేసేవాడు." ఆయన చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించారు. "ఆ యంత్రం అలా కాదమ్మాయ్. అన్న ముక్క అన్నట్టు రాసి, అందరి ఫోన్లకీ పంపిస్తోంది. దాని మీద నాకింకా అనుమానం పోలేదనుకో. కానీ పనిమంతురాలు. మీటింగులో అడగొద్దని మేనేజరు నా నోరు కట్టేశాడు గానీ, లేకపోతే మేమిద్దరం కలిస్తే బ్రహ్మాండంగా ఉండేది."

కొలతలమ్మకి నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఏది ముందు ఆపుకోవాలో తెలియలేదు. "నేను మేనేజరుగారికి అంతా చెప్పేస్తాను. మీ గురించి ఆయన ఏమనుకుంటున్నారో తెలుసా?"

"వద్దు, వద్దు!" అనగా గారు నిజంగానే కంగారుపడి లేచారు. "నాకు తెలుసని తెలిసిందా, ఇక నాకెవరు విడమర్చి చెబుతారు? నాకు చెప్పకపోతే వీళ్ళకెలా వినపడుతుంది? ముప్ఫై ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరమ్మాయ్ ఇది. పాడుచెయ్యకు."

సోమవారం పొద్దున్నే అల్లుడుగారు తలుపు వేసి, ముందుకి వంగి, "ఏం తేలింది?" అన్నారు.

కొలతలమ్మ తను బతుకులో ఎప్పుడూ పెట్టనంత విచారంగా మొహం పెట్టింది. "మీరనుకున్నదేం లేదండీ. అంతకంటే ఘోరం. ఆయనకి నిజంగానే ఏ మాటకీ అర్థం తెలీదు. మీరు అడగొద్దన్నాక, పాపం, టీ కొట్టులో మేస్త్రీల కాళ్ళావేళ్ళా పడి వాళ్ళ కాపీలు చూపించుకుని నేర్చుకుంటున్నారు. ఆ పేజీ నంబర్లూ అలా తెలిసినవే."

అల్లుడుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. వారం రోజుల అనుమానం మొహం మీంచి దిగిపోయి, ఆ చోటులో జాలి వచ్చి కూర్చుంది. "మా ఆఫీసు మనిషి మేస్త్రీల దగ్గర పాఠం చెప్పించుకోవడమా! కంపెనీ పరువేం కాను? వద్దమ్మా. ఇవాళ్టి నుంచి ప్రతి మీటింగులో ఒప్పందం మొదటి పేజీ నుంచి ఒక్కో మాటా నేనే చెబుతాను. చిన్నపిల్లలకి చెప్పినట్టు, విడమర్చి. ఎంతసేపు పట్టినా సరే. ఆయనొక్కడికే చెబుతున్నామని నొచ్చుకుంటాడేమో, మేస్త్రీలందర్నీ కూడా రమ్మనండి. ఊరికే, తోడుగా."

"తప్పకుండా చెబుతానండీ" అంది కొలతలమ్మ. తలుపు మూసి, నాలుగడుగులు వేసి, కొలతల టేపు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ రోజు ప్లాస్టిక్ కుర్చీలు చాలలేదు. స్టోరు రూములోంచి రంగు డబ్బాలు తెచ్చి బోర్లించుకుని కూర్చున్నారు. రంగులక్క మొదటి వరుసలో కొత్త నోటుపుస్తకంతో వచ్చింది. అల్లుడుగారు గొంతు సవరించుకుని, అనగా గారి వైపు దయగా చూసి, మొదటి పేజీ తీశారు. బల్ల మధ్యలో మైకు మీద చిన్న పచ్చ దీపం వెలిగింది.